అక్క వేసిన తుప్పు

"ఇంకొంచెం సబ్బు వేస్తే పోతుంది," అనుకుంది శుభ్రమ్మ.

సింకు ముందు స్టూలు వేసుకుని నిలబడింది. ఒక చేతిలో అక్క బొమ్మ రైలింజను పై తొడుగు. ఇంకో చేతిలో పాత టూత్‌బ్రష్. కింద మోటారు తడవకూడదని అక్క ఎప్పుడో చెప్పింది. అందుకే తొడుగు జాగ్రత్తగా విప్పి మరీ కడుగుతోంది.

దాని ఒంటినిండా మురికే. పక్కలంతా తుప్పు చారలు. పైన మసి. అంచుల దగ్గర మట్టి. అక్క హాస్టల్లో చేరి చాలా నెలలైంది. గది మూసే ఉంటోంది. పాపం, ఇంజను పాడైపోదూ మరి!

శుభ్రమ్మ అసలు పేరు అది కాదు. టేబుల్ మీద గ్లాసు కాస్త పక్కకి జరిగినా ఊరుకునే రకం కాదని అక్క ఆ పేరు పెట్టింది. మొదట్లో ఆ పిలుపు వింటే ఉడుక్కునేది. అక్క వెళ్ళిపోయాక అలా పిలిచేవాళ్ళే లేరు. అమ్మా నాన్నా "బుజ్జీ" అంటారు. అప్పటినుంచీ ఆ పిలుపు కోసమే బెంగపెట్టుకుంది.

అక్క ఎల్లుండే వస్తోంది. కొన్ని రోజులే ఉంటుంది. తళతళలాడే ఇంజనుని చూసి ఎంత మురిసిపోతుందో!

అప్పుడే నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. నాన్న సిటీ బస్సు డ్రైవరు.

"నాన్నా, చూడు! కొత్తదానిలా లేదూ?"

నాన్న ముఖంలో నవ్వు మాయమైంది. "ఏం చేశావే తల్లీ?"

"మురికంతా కడిగేశా."

"అది మురికి కాదమ్మా," అన్నాడు నాన్న మెల్లగా. "మీ అక్క వేసిన రంగు. పోయిన సెలవుల్లో నువ్వు అత్తయ్య వాళ్ళింట్లో ఉన్నావు చూడు, అప్పుడు వేసింది. నిజం ఇంజన్లు ఎండకీ వానకీ ఎలా తయారవుతాయో, అచ్చం అలా. అన్నం తినమని అమ్మ పిలిచినా లేచేది కాదు."

శుభ్రమ్మ సింకులోకి చూసింది. ఎర్రటి నీళ్ళు గుండ్రంగా తిరుగుతూ కిందికి పోతున్నాయి. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. నీళ్ళు వేళ్ళ మధ్యనుంచి జారిపోయాయి.

అక్కకి కోపం వస్తే? ఉన్న నాలుగు రోజులూ మాట్లాడకుండానే వెళ్ళిపోతే?

"నాన్నా, అక్క వచ్చేలోపు మళ్ళీ తుప్పు పట్టించెయ్యలేమా?"

నాన్నకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "రేపు నాకు సెలవేగా. వెళ్ళి చూద్దాం పద," అన్నాడు.

మర్నాడు తొడుగు సంచిలో వేసుకుని ఇద్దరూ బస్సెక్కారు. సెలవు రోజు కూడా నాన్నకి బస్సు తప్పలేదు. పోనీ ఊరికే కూర్చుంటాడా అంటే, అదీ లేదు. మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకుని కాలితో తొక్కుతున్నాడు. వేరే రోజైతే శుభ్రమ్మ పడీ పడీ నవ్వేది.

మొదటి షాపు బజారులో ఉంది. అద్దాల బీరువాల నిండా ఇంజన్లు మెరిసిపోతున్నాయి. ఇదివరకు ఆదివారాలు అక్కా తనూ ఇక్కడికి వచ్చేవాళ్ళు. కొనేదేమీ లేకపోయినా అద్దానికి ముక్కు ఆనించి చూసేవాళ్ళు. నిజం చెప్పాలంటే అక్క ఇంజన్లని చూసేది, శుభ్రమ్మ అక్కని చూసేది.

"అంకుల్, మీ దగ్గర మురికి ఉందా?" అని అడిగింది.

షాపాయన ఉలిక్కిపడ్డాడు. "మురికా! రోజుకి రెండుసార్లు తుడిపిస్తానమ్మా!"

నాన్న విషయం చెప్పాక ఆయన తల అడ్డంగా ఊపాడు. "మా దగ్గర అన్నీ కొత్తవే. మేడ మీద షాపులో అడగండి. చౌరస్తా దాటాక."

మేడ మీద షాపు ఇరుకు. అంతా జిగురు వాసన. గోడ పొడవునా చిన్న చిన్న సొరుగులు. ఒకదాంట్లో గోరంత లాంతర్లు, ఒకదాంట్లో బియ్యపు గింజంత కోళ్ళు. ఇంకోదాంట్లో పెట్టెలు పట్టుకుని నిలబడ్డ బుల్లి మనుషులు.

"మీ అక్క రాలేదేమ్మా?" అన్నాడు పెద్దాయన, భూతద్దాన్ని నుదుటి మీదికి తోసుకుంటూ.

శుభ్రమ్మ సొరుగులోని బుల్లి మనుషుల వైపు తల తిప్పుకుంది. "హాస్టల్లో ఉంది," అంది.

నాన్న సంగతంతా చెప్పాడు. ఆయన మూడు పొడి సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదానిమీద తుప్పు అని రాసి ఉంది. ఇంకోదానిమీద మసి. మూడోదానిమీద దుమ్ము.

"దుమ్ముని కూడా కొనుక్కుంటారా?" శుభ్రమ్మ నోరు వెళ్ళబెట్టింది.

"మన మంచం కిందనుంచి తెచ్చి అమ్మితే మేడలు కట్టేవాళ్ళం," అన్నాడు నాన్న.

పెద్దాయన నవ్వుతూ సీసాలు పొట్లం కట్టి ఇచ్చాడు. "పొడి ఎవరైనా కొంటారు. వెయ్యడానికి చెయ్యి తిరగాలి. బొమ్మ రైళ్ళ హాలుంది కదా, అక్కడి ఆవిడని అడగండి."

ఆ హాలు ఒకప్పుడు గోడౌను. ఇప్పుడు దాన్నిండా ఒక బుల్లి లోకం. కొండలు, వంతెనలు, సొరంగాలు, దీపాలు వెలిగే ఇళ్ళు. వాటి మధ్యనుంచి రైళ్ళు గుయ్యిమంటూ పోతున్నాయి. చిన్నప్పుడు ఇక్కడ అక్క తనని ఎత్తుకుని చూపించేది. చేతులు నొప్పెట్టినా దించేది కాదు. ఇప్పుడు ఎవరూ ఎత్తుకోకుండానే అన్నీ కనిపిస్తున్నాయి. అయినా అంత బాగా అనిపించలేదు.

హాలు చూసుకునే ఆవిడ తొడుగుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నేను వేసిస్తాను. మీ అక్క భూతద్దం పెట్టి వెతికినా కనిపెట్టలేదు."

శుభ్రమ్మకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఇక అక్కకి చెప్పే పనే లేదు!

ఆవిడ కుంచె చేతిలోకి తీసుకుంది. "చెప్పు. తుప్పు ఎక్కడెక్కడ ఉండేది? తలుపు కిందా? కిటికీ పక్కనా? చారలు సన్నవా, వెడల్పువా?"

శుభ్రమ్మ కళ్ళు మూసుకుని ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఒక్క చార కూడా గుర్తు రాలేదు. అంతసేపు చేతిలో పట్టుకుని తోమింది. ప్రతి మూలా తోమింది. కానీ మురికి అనుకుందే తప్ప, అక్కడ ఏముందో చూడనేలేదు.

"తెలీదు," అంది చిన్న గొంతుతో.

"మరి ఎవరికి తెలుసు?"

శుభ్రమ్మ నాన్న వైపు చెయ్యి చాపింది. "ఫోన్ ఇవ్వు నాన్నా."

అక్క ఎత్తింది. ఎప్పుడూ వాళ్ళ ఫోన్ మాటలు రెండే. తిన్నావా? తిన్నాను. చదువుతున్నావా? చదువుతున్నాను. ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసేది కాదు.

"అక్కా, నీ ఇంజను కడిగేశాను. మురికి అనుకున్నా."

"సబ్బుతోనా?" అంది అక్క.

"సబ్బుతోనే. బ్రష్ కూడా పెట్టి."

"మొత్తం పోయిందా?"

"మొత్తం."

అక్క గొంతు వణికింది. "సరే. రేపు వస్తాగా." ఫోన్ పెట్టేసింది.

శుభ్రమ్మ ఏడ్చేసింది. హాలావిడ కుంచె కింద పెట్టి, తొడుగుని మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో నాన్న ఒక్క బ్రేకు కూడా వెయ్యలేదు. కూతురి తల తన భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు.

మర్నాడు అక్క వచ్చింది. అమ్మతో మాట్లాడింది, నాన్నతో మాట్లాడింది. శుభ్రమ్మ తల నిమిరింది కానీ ఏమీ అనలేదు. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

శుభ్రమ్మ గడప దగ్గరే ఆగింది. ఇదివరకు ఆ గదిలోకి తుర్రుమని దూరిపోయేది. ఇప్పుడు తలుపు మీద మెల్లగా తట్టింది.

"లోపలికి రావచ్చా?"

"రా, శుభ్రమ్మా."

అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టేబుల్ మీద తొడుగు మెరుస్తోంది. శుభ్రమ్మ పక్కనే నిలబడింది.

"ఎక్కడ ఏముండేదో నాకు చెప్పవా అక్కా? ఈసారి చూస్తాను."

అక్క వేలితో చూపించింది. "ఇదిగో, కిటికీ కింద. వాన నీళ్ళు జారి జారి చార పడుతుంది. ఇక్కడ తలుపు పక్కన డ్రైవరు రోజూ పట్టుకుని ఎక్కుతాడు. అందుకని రంగు అరిగిపోతుంది."

"రోజూనా? అయితే ఎన్ని చేతులు పడి ఉంటాయో!"

అక్క తలతిప్పి చెల్లెలి వైపు చూసింది. లేచి తన సంచిలోంచి కొత్త కుంచె తీసి ఇచ్చింది.

"ఇక్కడ వెయ్యనా?" అని అడిగింది శుభ్రమ్మ. అక్క సరే అన్నాకే కుంచె ఆనించింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆనించింది. సాయంత్రానికి ఇంజను నిండా తుప్పు, ఇద్దరి ముక్కుల మీదా మసి.

"ముందటిలా రాలేదు," అంది అక్క.

"తెలుసు," అంది శుభ్రమ్మ. ఆ మాట అనడానికి కష్టంగానే ఉంది.

"పోనీలే. మన ఇంజను మొన్నటిదాకా ఒక దారిలో తిరిగింది, ఇప్పుడు ఇంకో దారిలో తిరిగొచ్చింది అనుకుందాం."

సెలవులు ఇట్టే అయిపోయాయి. అక్క వెళ్ళిన సాయంత్రం శుభ్రమ్మ ఆ గది తలుపు తీసింది. గదంతా బోసిగా ఉంది. టేబుల్ నిండా ఎర్రటి పొడి చల్లినట్టు పడి ఉంది. దాని మధ్యలో ఒక అట్టముక్క, దానిమీద ఏవో రంగు మచ్చలు. ఒక సీసా మూత తెరిచే ఉంది.

శుభ్రమ్మ చెయ్యి తనంతట తనే గుడ్డ అందుకుంది. టేబుల్ దాకా వెళ్ళి ఆగింది. వంగి ఆ మచ్చల్ని ఒక్కొక్కటే చూసింది. ఆ తర్వాత అమ్మ ఫోన్ తెచ్చుకుంది.

"అక్కా, టేబుల్ మీద పొడి పడి ఉంది. అట్ట మీద మచ్చలున్నాయి. తుడవనా, ఉంచనా?"

"అయ్యో, ఉంచు ఉంచు! ఆ మచ్చలేంటో తెలుసా? బొమ్మ వంతెన ఒకటి చేద్దామని రంగులు కలిపి చూశాను. ఎడమ పక్కది చూడు, ఎలా ఉంది?"

"ఇటుక రంగులో ఉంది. కానీ అంచు దగ్గర కొంచెం నలుపు."

"అవునా? ఆరాక అలా వచ్చిందన్నమాట! దాని పక్కది?"

శుభ్రమ్మ గుడ్డ కింద పెట్టేసింది. కుర్చీ లాక్కుని, ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుని, రెండో మచ్చ ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టింది.