కాళ్ళ దగ్గరే కోయాలి

కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, ఉల్లిపాయలు తరుగుదామని చెక్క పలక తీసింది మన్నూబియా. దాని మీద రెండు పిచ్చుక ఈకలు, ఎండిన నెత్తురు మరక. ఆ పిచ్చుక నెత్తురు వాసన ఆమె ముక్కుకి తగిలి ఇరవై ఆరేళ్ళయింది.

"ఉల్ఫా! మీ బాబా ఏడీ?"

ఆలివ్ నూనెలో రొట్టె ముంచుకుంటున్న కూతురు, "షెడ్డులో..." అని, వెంటనే నాలుక కరుచుకుంది.

"షెడ్డులోనా? బండి అమ్మేసి నాలుగు నెలలైంది. ఖాళీ షెడ్డులో ఏం వెలగబెడుతున్నాడు?"

ఉల్ఫా మళ్ళీ రొట్టె మీద పడింది. ఓహో, ఇంట్లో తెలియనిది నాకొక్కదానికేనన్నమాట అనుకుని, పలక చేత్తో పట్టుకునే పెరట్లోకి నడిచింది మన్నూబియా.

ఆమె మొగుడు మంజి పాతికేళ్ళు ట్యూనిస్‌కి అద్దె వ్యాను నడిపాడు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక దాన్ని అమ్మేశాడు. ఇప్పుడు షెడ్డులో మిగిలిన పాత సీటు మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. పిడికిలి మీద, పిచ్చుక మాంసం తింటూ పసుపుపచ్చ కళ్ళ ఆడ డేగ. కాళ్ళకి తోలు పట్టీలు, చిన్న మువ్వ, పొడుగాటి తాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదహారు రోజులు," అన్నాడు తలెత్తకుండా. "నీకు చెబుదామనే..."

"ఎప్పుడు? కౌజు పిట్టలు కూర వండమని తెచ్చిచ్చినప్పుడా? దీన్ని పట్టడానికి వల ఎక్కడ వేశావయ్యా?"

"కొండ మీద."

"ఆ కుంటి మోకాలితో కొండెక్కావా! పెళ్ళినాడు నేనడిగింది ఒకే ఒక్కటి. నగలడిగానా? డేగ ఉన్న ఇంట్లో అడుగు పెట్టనన్నాను. మీ అమ్మ ఎదుట ఒట్టేశావు."

"వేశాను. తప్పాను. తిట్టు."

"తిట్టక ముద్దు పెట్టుకుంటానా? మా బాబా ఇలాంటి పిట్ట కోసమే పెద్ద బండ మీంచి పడి చచ్చాడు. ఆరుగురు పిల్లలం. దుప్పట్లో చుట్టి తెచ్చారు. నీకు తెలీదా?"

మంజి డేగను కర్ర దిమ్మ మీదకి ఎక్కించి, తాడు ముడి వేశాడు. అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"తెలుసు. ఇరవై రెండేళ్ళుగా వింటూనే ఉన్నాను. నా సంగతి నువ్వెప్పుడైనా విన్నావా? మోకాలు కోసి కుట్టాక ఈ ఇంట్లో నేనో కుర్చీని. తుడుస్తారు, పక్కకి జరుపుతారు. నేను లోపలికి వస్తే మెడ తిప్పి చూసేది ఇదొక్కటే."

"నేను చూడట్లేదా?"

"చూస్తావు. మందు మింగానా లేదా అని చూస్తావు."

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. నిజం కాబట్టే మరీ మండిపోయింది. గోడకున్న చేపల కత్తి లాగి, మంజి లేచేలోపే తాడు కోసిపారేసింది. "పో! వెళ్ళిపో! ఈ ఇంటి ఛాయలకి రాకు!" అని పలకతో అదిలించింది. డేగ తలుపులోంచి బాణంలా దూసుకుపోయింది.

"మన్నూ," అన్నాడు మంజి పాలిపోయిన మొహంతో. "ఎక్కడ కోశావు?"

దిమ్మకి ముడి దగ్గర జానెడు తాడే మిగిలింది. మిగతాదంతా పిట్ట కాళ్ళకే ఉంది.

మన్నూబియా కత్తి జారవిడిచింది. వేట కాలం ముగిసి పిట్టను వదిలే రోజున బాబా ఏటా ఒకే మాట చెప్పేవాడు: "కాళ్ళ దగ్గరే కోయాలి తల్లీ. తాడుతో ఎగిరిందా, ఏ కొమ్మకో చిక్కుకుని తలకిందులుగా వేలాడి చస్తుంది." ఆఖరి ఏడాది డేగ తాడు తెంపుకుని పోయింది. దాని వెంటే వెళ్ళాడు బాబా. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. వేటగాడి కూతురై ఉండి, ఇంత పని చేసింది తను!

మంజి చేతికర్ర తీసుకుని కుంటుతూ బయటికి నడిచాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మాత్రం పంతం పట్టి వంటింట్లోకి వచ్చి, పొంగి ఆరిన కాఫీ మరకల్ని పరపరా తోమింది. పోనీ, వెతుక్కోనీ! నాకేం పట్టింది!

"అమ్మా," అంది ఉల్ఫా గుమ్మంలోంచి. "బాబా పెద్ద బండ దారి పట్టాడు."

మన్నూబియా ఇంటి చెప్పులతోనే పరుగు తీసింది.

బండ అంచున బోర్లా పడుకుని, చేతికర్ర కిందికి చాపి ఉన్నాడు మంజి. మనిషి నిలువు లోతున రాతిలో మొలిచిన పొదకి తాడు చిక్కుకుంది. డేగ తలకిందులుగా కొట్టుకుంటోంది. దాని కింద సముద్రం.

"లే! వెనక్కి రా ముందు!" అంటూ చొక్కా పట్టుకు లాగింది. "పిట్ట చస్తే చచ్చింది. నువ్వు పడితే? నన్ను రెండోసారి ఆ దుప్పటి దగ్గర కూర్చోబెడతావా?"

"విను, మన్నూ."

"వినను!"

కానీ చెవులు మూసుకుంటే ఆగే అరుపు కాదు అది. సన్నగా, ఎడతెగకుండా, పసిపిల్ల ఏడ్చినట్టు. మన్నూబియా రెండు క్షణాలు నిలబడింది. మూడో క్షణానికి పొడుగాటి తలగుడ్డ విప్పి నడుముకి కట్టుకుని, రెండో కొస మొగుడి చేతికిచ్చింది.

"గట్టిగా పట్టుకో. ఈ బండ మీద పెరిగినదాన్ని. వదిలావో, దయ్యమై వచ్చి తిడతాను."

"నీకేమన్నా పిచ్చా!"

అప్పటికే ఆమె కాలు రాతి పగులులో ఉంది. ఒక అడుగు, ఇంకో అడుగు. పొదలోకి చెయ్యి దూర్చి చిక్కు విప్పి, గోళ్ళు అరచేతిలో దిగుతున్నా వదలకుండా డేగను గుండెకి హత్తుకుంది. అరచేతి కింద ఆ పిట్ట గుండె టకటకా కొట్టుకుంటోంది. అప్పుడు తెలిసింది. బాబా తమని వదిలేసి పిట్టను ఎంచుకోలేదు. ఆ అరుపు విని ఊరుకోలేకపోయాడు, అంతే. ఇప్పుడు తనకూ కూతురు గుర్తు రాలేదు, మొగుడు గుర్తు రాలేదు.

మంజి పైకి లాగాడు. ఇద్దరూ గడ్డి మీద కూలబడ్డారు.

"కోసెయ్," అన్నాడు డేగ కాళ్ళు చూపిస్తూ. "వదిలెయ్. నాకొద్దు ఈ వేట. నువ్వు కిందికి దిగుతుంటే నా ప్రాణం పోయింది."

"నోర్ముయ్. ఈ బెణికిన రెక్కతో వదిలితే సాయంత్రానికి పిల్లి పాలే. పట్టీలెవరు కట్టారు, నువ్వేనా? బండి టైరు బిగించినట్టు బిగించావు. కాలు ఒరుసుకుపోయింది చూడు." తిడుతూనే పట్టీ వదులు చేసింది. "మా బాబా శవం దగ్గర నేను ఏడవలేదయ్యా. కోపంతో ఏడవలేదు. ఇరవై ఆరేళ్ళు ఆయన్ని తిడుతూనే బతికాను."

మంజి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. డేగను ఒళ్ళో పట్టుకునే, అప్పుడెప్పుడో ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది మన్నూబియా. ముక్కు చీదుకుని లేచాక అంది:

"నువ్వు మళ్ళీ కొండెక్కావంటే ముందు నీ కాళ్ళకి కడతాను ఈ తాడు. వేట గోధుమ చేలల్లోనే. నేనూ వస్తాను. కాలం అయ్యాక దీన్ని నేనే వదులుతాను."

"కాళ్ళ దగ్గర కోసి," అన్నాడు మంజి మెల్లగా.

"కాళ్ళ దగ్గరే," అంది ఆమె. "మా బాబా చెప్పినట్టు."