ఆరున్నొకటో ఫ్యాను

“లాభం... రెండు... లాభం... ఐదు. ఆరున్నొకటో ఫ్యాను.”

శాటిలైట్ ఫోన్‌లో టేపు ఆగింది. యంత్రంతో మార్చిన గొంతు అది. మాట్లాడింది ఆడమనిషో మగమనిషో కూడా తెలియడం లేదు.

“రాత్రి మీ అనంతపురం పీఠభూమి మీదనుంచే వెళ్ళిందీ మెసేజ్,” అన్నాడు హైదరాబాదు నుంచి చంద్రమోహన్. రేడియోల మీద నిఘా పెట్టే తరంగ విభాగానికి ఆయనే ఛీఫ్. “పంపింది సైలెన్స్ ముఠా. ఢిల్లీవాళ్ళు డీకోడ్ చేశారు. లాభం అంటే వాటా. ఒకడికి రెండు వాటాలు, ఇంకొకడికి ఐదు. డబ్బులు పంచుకుంటున్నారట.”

ఏజెంట్ మారుతికి నవ్వొచ్చింది. కలిసి నవ్వడానికి పక్కన మనిషి లేక మానుకున్నాడు. నిజానికి చుట్టూ వందమంది ఉన్నారు. తొలకరి పడితే చాలు, వజ్రకరూరు చేలల్లోకి ఎక్కడెక్కడి జనమో వచ్చి, నేలకు కళ్ళు అంటించుకొని వజ్రాలు వెతుకుతారు. ఎవరి రాయి వాళ్ళది, ఎవరి ఆశ వాళ్ళది. పక్కవాడు ఎవడని ఎవరూ తలెత్తి చూడరు. గూఢచారికి ఇంతకన్నా మంచి మారువేషం దొరకదు. మారుతి మాసిన పంచె కట్టుకొని, తలకు తుండు చుట్టుకొని, చేతికర్రతో మట్టి కెలుకుతూ తిరుగుతున్నాడు. ఆ కర్ర లోపల యాంటెన్నా ఉంది, పిడిలో చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంది. వారం రోజులుగా అతనితో ఎక్కువ మాట్లాడింది ఆ కర్రే.

“వాటాలు కాదు సార్. మా సీమలో శెనక్కాయలు శేరుతో కొలిచేటప్పుడు ఒకటి అనరు. లాభం అంటారు. ఒకటి, రెండు, ఒకటి, ఐదు. నూట ఇరవై ఒకటి పాయింట్ ఐదు.”

ఆకాశంలో ఏ విమానమైనా ఆపదలో పిలిచే ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ అది.

“మారుతీ, మూడు దేశాల టెస్ట్ ఫ్లైట్ ఈ మధ్యాహ్నమే,” అన్నాడు ఛీఫ్. గొంతులో విసుగు పోయి భయం వచ్చింది.

సంగతి ఇది. ఇండియా, శ్రీలంక, మాల్దీవులు. ఒక దేశం రేడియో ఇంకొక దేశం రేడియోకి అడ్డం పడుతోందని ఏళ్ళ తరబడి తగాదా. ఆ తగాదా ఉన్నంతకాలమే సైలెన్స్ ముఠాకు గిరాకీ. డబ్బిచ్చినవాడి తరఫున ఎవరి రేడియోనైనా మూగబోయేటట్టు చేయడం వాళ్ళ వ్యాపారం. ఇప్పుడు మూడు దేశాలూ కలిసి విని, కలిసి వెతికి, కలిసి పరిష్కరించుకుందామని ఒప్పందం రాసుకున్నాయి. సాయంత్రం బెంగుళూరులో సంతకాలు. వాటికి ముందు మూడు దేశాల అధికారులూ ఒకే చిన్న విమానంలో ఈ కొండల మీదుగా తక్కువ ఎత్తులో వస్తూ, సిగ్నళ్ళు కొలుస్తారు.

“మిగతా ఫ్రీక్వెన్సీలన్నీ నొక్కేసి, ఎమర్జెన్సీ ఒక్కటీ వదులుతారు. అందులో దొంగ కంట్రోలర్ మాట్లాడతాడు. పైలట్‌ను నేరుగా కొండకేసి దించుతాడు. అంతే కదా సార్?”

“అంతే. విమానం కూలితే తప్పు నీదంటే నీదని మూడు దేశాలూ కొట్టుకుంటాయి. కొలంబో తరఫున అందులో వస్తున్నది నిలూక.”

మారుతి చేతిలో కర్ర కదలడం మానేసింది.

నిలూకను అతను ఎప్పుడూ చూడలేదు. తొమ్మిదేళ్ళుగా రోజూ షార్ట్‌వేవ్‌లో వింటున్నాడు. అటు కొలంబో మానిటరింగ్ స్టేషన్‌లో ఆమె, ఇటు ఏ చెట్టూ లేని గుట్టమీద వ్యానులో అతను. జాలర్ల సెట్లు కోస్తా రేడియోకి అడ్డం పడుతున్నాయని ఆమె చెప్పేది, మన టవరు వాళ్ళకు అడ్డం పడుతోందని అతను ఒప్పుకొనేవాడు. పని మాటలు అయ్యాక, “మీ దగ్గర వాన పడిందా?” అని అడిగేది. “లేదు,” అనేవాడు. ప్రపంచంలో అతని ఊరి వాన గురించి అడిగే మనిషి ఆమె ఒక్కతే. ఆ గొంతు ఆగిపోతే ఇక తనను పిలిచేవాళ్ళెవరూ లేరని మారుతికి ఆ క్షణంలో తెలిసింది. తెలిసి భయపడ్డాడు.

లైన్లోకి ఇంకొక గొంతు వచ్చింది. పద్మప్రియ. సైలెన్స్ ముఠాలో చేరి మనకు కబుర్లు అందించే ఏజెంటు. పుట్టింది, పెరిగింది ఢిల్లీ. తెలుగు పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది. ఆమె ఫోటో చూసిన కుర్ర ఆఫీసర్లు రెండుపూటలా అన్నం మానేశారని విభాగంలో చెప్పుకుంటారు.

“నేను బెంగుళూరులో ఉన్నాను సార్. ఆరున్నొకటి అంటే అరవై ఒకటి. గాలిమరల వరసలో అరవై ఒకటో నంబరు చూడండి.”

“గుడ్. కమాండోలను అక్కడికే పంపుతున్నాను.”

“సార్, ఆగండి! ఆరున్నొకటి అంటే అరవై ఒకటి కాదు, అది...”

ఫోను బుస్సుమంది. తర్వాత వట్టి హోరు. కర్ర పిడిలో నొక్కి చూశాడు. ఎమర్జెన్సీ ఒక్కటి తప్ప అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ అదే హోరు. అందులో పిలుద్దామంటే విమానందాకా చేరే బలం ఈ చిన్న ట్రాన్స్‌మిటర్‌కు లేదు. ముఠా మూత వేసేసింది. ఇక హైదరాబాదుకు, బెంగుళూరుకు, విమానానికి, ఎవరికీ అతని మాట చేరదు. కమాండోలు అరవై ఒకటికి పోతున్నారు. అది కాదని తెలిసినవాడు ఈ పీఠభూమి మీద అతనొక్కడే.

గట్టుమీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్మే గంగక్క పిలిచింది. “ఏమప్పా, పొద్దున్నుంచి కట్టె పట్టుకోని తిరుగుతాండావు. ఒక్క రాయన్నా దొరికెనా?”

“లేదక్కా. ఏడో ఫ్యాను యాడుండాది?”

“అదో, ఆ కొండమీద కొసాకున ఉండేదే. అందరూ ఆడికే పోతాండారేమప్పా ఈ పొద్దు? ఇందాక ఒక మేడమ్మ కారులో పోయింది. నల్లద్దాలు, ధర్మవరం పట్టుచీర. ఆడేమన్నా పెండ్లా?”

మారుతి గట్టుకింద పెట్టిన మోపెడ్ ఎక్కి బయలుదేరాడు. తొలకరి తడి అప్పుడే ఆరిపోయి దారిపొడుగునా ఎర్రదుమ్ము. కొండమీద దుమ్ము ఇంకా దట్టంగా లేచింది, ఎదురుగా ఉన్న గాలిమర రెక్కలే సరిగా కనిపించడం లేదు. ఇందులో పైలట్‌కు కొండ ఏం కనిపిస్తుంది అనుకున్నాడు.

ఏడో గాలిమర కింద ఇనుప తలుపు తెరిచి ఉంది. లోపల పెద్ద ట్రాన్స్‌మిటర్ పెట్టె, దానికి తీగతో ఒక మైకు. మైకు ముందు పట్టుచీర.

“డిసెండ్ టు టూ థౌజండ్ ఫీట్,” అంటోంది పద్మప్రియ ఎంతో మర్యాదగా.

“రోజర్. డిసెండింగ్,” అన్నాడు పైలట్ స్పీకర్లో. అతని వెనక ఎవరో ఆడమనిషి చిన్నగా దగ్గింది. ఆ దగ్గు కూడా మారుతికి తెలుసు.

“మైకు కింద పెట్టు.”

ఆమె తిరిగింది. రెండో చేతిలో పిస్తోలు ఉంది. “అరవై ఒకటికి పోలేదా నువ్వు?”

“ఢిల్లీలో పుట్టినదానివి. టేపులో ఏడు అనడానికి నోరెందుకు రాలేదు?”

ఆమె నల్లద్దాల వెనక ఏం జరిగిందో తెలియదు గాని, పుస్తకం తెలుగు మాత్రం ఎగిరిపోయింది. “మాది గుమ్మఘట్ట. నాయన కళ్ళంలో కాయ కొలుస్తాండె. ఏడు అంటే పంట ఏడుస్తాదని చెంప పగలగొడతాండె. ఆరున్నొకటి అనాల్సిందే. ఇన్ని దేశాలు తిరిగినా, ఇన్ని పేర్లు మార్చినా నోరు తిరగలేదప్పా.”

“ఎందుకు చేస్తాండావు ఇది?”

“నాకెవురున్నారని చేయకూడదు? నీకుమాత్రం ఎవురున్నారు? అందరి మాటలూ ఇనేవాళ్ళమే గాని, మనతో మాట్లాడేవాళ్ళెవురు?”

ఆమె అన్నది చాలావరకు నిజమే. కాని ఆమె చెవిలో చిన్న ఇయర్‌పీసు మెరుస్తోంది. ముఠా మాటలు వినే ఇయర్‌పీసు. ఇంత దగ్గర్లో చిన్న ట్రాన్స్‌మిటర్ కూడా హోరును దాటుతుంది. అతను కర్ర పిడిని గట్టిగా నొక్కాడు.

ఇయర్‌పీసులో పుట్టిన కీచు బయటికి కూడా వినిపించింది. ఆమె చెవి పట్టుకొని అరిచింది, పిస్తోలు జారింది. మారుతి దాన్ని బయటికి తన్ని, ఆమెను గోడకు తోసి మైకు అందుకున్నాడు. పెట్టె ఆపుదామంటే తాళం. ఆపే అవసరం ఏముంది? ఇప్పుడు ఆ విమానానికి వినిపించే గొంతు ప్రపంచంలో ఈ మైకుదొక్కటే.

“నిలూకా! నేను మారుతిని! పైకి లేపమను! ముందు కొండ ఉంది! క్లైంబ్! క్లైంబ్!”

“స్టేషన్ కాలింగ్, మీరెవరు? మీ కాల్ సైన్ చెప్పండి,” అన్నాడు పైలట్. దిగడం మానలేదు. ఇప్పటిదాకా ఒక గొంతు దిగమంది, ఇప్పుడు ఇంకో గొంతు ఎక్కమంటోంది. పైలట్‌ను తప్పుపట్టలేం.

“కాల్ సైన్ లేదు నాకు! నిలూకా, చెప్పు అతనికి!”

స్పీకర్లో ఆమె గొంతు. తొణకలేదు. “కెప్టెన్, ఆ గొంతు నాకు తెలుసు. పైకి తీసుకెళ్ళండి. ఇప్పుడే.”

దుమ్ములోంచి ఇంజను హోరు మీదికి వచ్చింది. మారుతి తలుపులోంచి బయటికి పరుగెత్తాడు. విమానం తెల్లటి పొట్ట గాలిమర రెక్కల పైనుంచి, చేయి చాస్తే అందేటంత దగ్గరగా పైకి లేచి, దుమ్ము చీల్చుకొని వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఇంత దగ్గరగా ఎప్పుడూ లేరు. కిటికీలు మాత్రం కనిపించలేదు. మారుతి కొండమీద నిలబడి, ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా విన్నాడు.

పద్మప్రియ గడపమీద కూర్చొని చెవి ఒత్తుకుంటోంది. పారిపోయే ప్రయత్నం చేయలేదు. “నీకు ఒకరుండారు లే,” అంది.

అరవై ఒకటి దగ్గర ఎవరూ దొరక్క, విమానం చప్పుడు విన్న కమాండోలు ఇటు వచ్చి ఆమెను తీసుకెళ్ళారు, పెట్టె తాళం పగలగొట్టి హోరు ఆపారు. పొద్దు వాలే వేళకు ఛీఫ్ ఫోన్ చేశాడు.

“సంతకాలైపోయాయి మారుతీ. ముఠా వాళ్ళు బెంగుళూరులో కూడా దొరికారు. కాని ఒక చిక్కొచ్చింది. నువ్వు ఆ మైకులో అరిచిన అరుపు దక్షిణాది ఆకాశంలో ఉన్న ప్రతి విమానమూ విన్నది. లైసెన్సు లేదు, కాల్ సైన్ లేదు, ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీలో కేకలు. కొత్త ఒప్పందం కింద మొదటి కంప్లయింటు నీ మీదే నమోదైంది.”

“పెట్టిందెవరు సార్?”

“కొలంబో. నిలూక. అడ్డం పడినవాడు స్వయంగా వచ్చి, ఎదురుగా కూర్చొని సంజాయిషీ ఇవ్వాలట. రూల్ అంటోంది. నేను ఫోన్లో సర్దిచెప్పి మాఫీ చేయించనా?”

“వద్దు సార్,” అన్నాడు మారుతి కంగారుగా. “తప్పు చాలా పెద్దది. ఫోన్లో తేలేది కాదు.”