రుద్దిన రేకు

పొద్దున్నే టీ తాగేసి, సిస్టరమ్మ వంటింటి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని బ్లేడుతో పెన్సిల్ చెక్కుతోంది. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైనా, వీధి వీధంతా ఆవిణ్ణి ఇంకా సిస్టరమ్మ అనే పిలుస్తుంది. లైబ్రరీ మేడ మీద పూల బొమ్మలు నేర్పే క్లాసులో చేరి ఐదు నెలలైంది. అంతకుముందు ఆవిడ గీసిన గీతలన్నీ జ్వరాల చార్టుల్లోవే.

ఆదివారం లైబ్రరీ హాల్లో పెట్టే ప్రదర్శనకి టీచరమ్మ ఆవిడ మందారాన్ని ఎంచింది. "ఈ మూడో రేకు ఒంపు చూడండి అందరూ!" అని క్లాసులో పైకెత్తి మరీ చూపించింది. సిస్టరమ్మ ఇక ఆగుతుందా? ఇంటికొస్తూనే పాత వార్డులో వాళ్ళందరికీ ఫోన్లు చేసి రమ్మని పిలిచింది. ఈ రోజు పదింటికల్లా ఆ బొమ్మ ఫ్రేముకి ఇవ్వాలి.

బాగా వచ్చినవి దాచుకున్న ఫైల్లోంచి మందారాన్ని తీసి, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది. మూడో రేకు చుట్టూ కాగితం నూగు లేచి ఉంది. బొటనవేలితో తడిమితే గరుకుగా తగిలింది. రబ్బరుతో రుద్దితేనే కాగితం అలా లేస్తుంది.

కానీ సిస్టరమ్మ దగ్గర రబ్బరే లేదు. మొదటి రోజు క్లాసులో ఇచ్చిన దాన్ని అప్పుడే తిరిగిచ్చేసింది. కేస్ షీట్లో తప్పు రాస్తే చెరపకూడదు. దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వెయ్యాలి. ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? వంకర రేకుల మీద కూడా అలాగే గీత కొట్టి పొట్టి సంతకం పెట్టేది. క్లాసులో అందరూ విరగబడి నవ్వారు.

ఫైల్లో ఇంకో బొమ్మ తీసింది. అక్కడా నూగే. ఇంకోటి తీసింది. నాలుగు చూశాక ఐదోది చూసే ధైర్యం లేకపోయింది. మధ్యాహ్నాలు సగం గీసి కునుకు తీసి లేచేసరికి, బొమ్మ తను అనుకున్నదానికంటే బాగుండేది. కళ్ళు అలిసి ఇందాక సరిగ్గా చూడలేదు కాబోలనుకుని మురిసిపోయేది పిచ్చిది.

ఇంట్లో రబ్బరు ఉండే బల్ల ఒక్కటే. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో తల నెరిసి రిటైరైన మొగుడిగారి బల్ల.

"ఏమండీ, ఈ రేకు ఎవరిది?"

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మందారానిది."

"హాస్యాలొద్దు. ఎవరు గీశారు?"

ఆయన చేతిలోని పేపరు మడిచాడు. మడిచిన దాన్నే మళ్ళీ మడిచాడు. "రెండే గీతలోయ్. నువ్వు పడుకున్నప్పుడు కాస్త సర్దానంతే."

ఆఫీసుకి తయారవుతున్న కూతురు జడ అల్లుకుంటూ వచ్చింది. "పోనీలే అమ్మా, నాన్న నీ మంచికే కదా చేస్తున్నది..." అని నాలుక్కరుచుకుంది.

"అంటే నీకూ తెలుసన్నమాట." సిస్టరమ్మ కూతురి వంక చూసింది. మొగుడు చేసినదాని కంటే ఇది ఎక్కువ మండింది. "ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వు పెట్టారు. నేనేమో సిగ్గులేకుండా ఊరందరినీ పిలుచుకున్నాను."

"క్లాసులో నవ్వారని ఆ రోజు అన్నం కూడా తినలేదు నువ్వు. ఇంక వెళ్ళనన్నావు. చూడలేకపోయాను," అన్నాడాయన.

"అయితే పక్కన కూర్చోవాల్సింది. ఏడిస్తే ఏడవనివ్వాల్సింది. ముప్పై ఏళ్ళలో ఒక్క అంకె చెరపలేదండీ నేను. తప్పు కనబడకపోతే తర్వాత డ్యూటీకొచ్చే మనిషి ఏం చూసి మందిస్తుంది? నా తప్పులన్నీ మీరు చెరిపేస్తే నేను ఏం చూసి నేర్చుకోను?"

ఆయన మడిచిన పేపరు పక్కన పెట్టాడు.

"పెళ్ళైన కొత్తలో మా అమ్మకి రాసిన ఉత్తరాలు దిద్దారు. ఇప్పటికీ నేను మడిచిన దుప్పట్లు మళ్ళీ మడుస్తారు. సరేలే అనుకున్నాను. ఇదొక్కటీ నాదనుకున్నాను." పెన్సిల్ ఆయన చేతిలో పెట్టింది. "మీ రేకు మీద గీత కొట్టండి. పక్కన సంతకం, తేదీ."

"అయ్యో, అంత మంచి బొమ్మని..." అంది కూతురు.

"నాది కాని మంచి నాకెందుకే?"

ఆయన కొట్టాడు. గీత వంకర పోయింది. ఆయన గీత వంకర పోవడం ఆవిడ చూడటం అదే మొదటిసారి. అయినా జాలి కలగలేదు.

"ఇంకా పంతొమ్మిది ఉన్నాయి," అని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆయన ఒక్కొక్కటే తీసి, తను దిద్దిన చోటు వెతికి, గీత కొట్టి, సంతకం పెట్టాడు. కూతురు ఆఫీసుకి ఆలస్యమవుతుందని ఫోన్ చేసి, పక్కన కూర్చుని తేదీలు వేసింది. పద్నాలుగో కాగితం దగ్గర ఆయన పెన్సిల్ ఆగింది. అందులో ఉన్నది విచ్చీ విచ్చని మొగ్గ.

"కొట్టండి."

"దీన్ని నేను ముట్టుకోలేదు."

"ఇంకా అబద్ధాలా?"

"కాదోయ్. రబ్బరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కాడ వంగింది కానీ, ఆ మొగ్గ బరువుకి అలాగే వంగుతుంది. నేనైతే స్కేలు పెట్టినట్టు నిటారుగా గీసేవాణ్ణి."

ఆయన మాట మీద నమ్మకం ఇందాకే పోయింది. అందుకే ఆవిడ కాగితం లాక్కుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బొటనవేలితో తడిమింది. అంతా నున్నగానే ఉంది. ఎక్కడా నూగు లేదు.

అప్పుడు భోరుమంది సిస్టరమ్మ. కూతురు లేవబోతే ఆయన చేత్తో ఆపి, తనే వెళ్ళి కిటికీ పక్కన నిలబడ్డాడు. ఏడవద్దనలేదు. ఏడుపు తగ్గేదాకా అలాగే నిలబడి, జేబులోంచి రబ్బరు తీసి ఆవిడకిచ్చాడు.

"టీచరమ్మకి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మందారం బదులు ఈ మొగ్గని గోడకి పెట్టినా సరే, పెట్టకపోయినా సరే," అంది ముక్కు తుడుచుకుంటూ. "మిగతా ఐదూ నేనొచ్చేసరికి కొట్టి ఉంచండి."

"అలాగే."

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోబోయి ఏదో గుర్తొచ్చి వెనక్కొచ్చింది. మొగ్గ కింద తేదీ వేసి సంతకం చేసింది. తప్పుల పక్కన పెట్టే పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు.