ఎండబెట్టిన సర్వర్

“సర్వర్‌ని ఐసు గదిలో ఎవరు పెట్టారండీ?”

ఉమామహేష్ అరుపుకి అనూరాధ కౌంటర్‌లోంచి లేచింది. “మీరే కదా నిన్న సల్లగా ఉంచమన్నారు?”

“చల్లగా అంటే ఫ్యాను కింద!”

“ఐసు ఫ్యాక్టరీకొచ్చి సల్లగా అంటే మాకేటి తెలుస్తాది?”



విశాఖ ఫిషింగ్ హార్బర్ పక్కన అనూరాధ తండ్రి ఎల్లారావుకి ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఏ బోటుకి ఎన్ని దిమ్మలు వెళ్ళాయో మూడు కౌంటర్లలోని కంప్యూటర్లకీ ఒకేసారి తెలియాలని ఆ వేసవిలో ఓ చిన్న సర్వర్ కొన్నాడు. దాన్ని బిగించడానికొచ్చిన ఉమామహేష్ కంపెనీ అమ్మేవాటిలో అన్నిటికన్నా చిన్నది అదే. ఇప్పుడది రెండు దిమ్మల మధ్య గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. బయటికి తీస్తే నీళ్ళు కారాయి.

ఎల్లారావు వచ్చి చూశాడు. “సాయంత్రం బోట్లొచ్చే ఏలకి ఇది నడవాల. నడవకపోతే అట్టుకుపో. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు.”

ఉమామహేష్ గుండె జారింది. సర్వర్ కోసం కాదు, గుమ్మం కోసం. కేబుల్ వేయడానికి గంట చాలు. అనూరాధ కౌంటర్ దగ్గర అతను నాలుగు రోజులు వేశాడు.

“ఇప్పేసి ఎండలో పెట్టు బాబూ,” అంది అనూరాధ నాయనమ్మ పోతమ్మ. “నెత్తళ్ళ సేపలు ఆరడం నేదా? ఇదీ ఆరతాది.”

డాబా మీద వల పరిచారు. ఒక పక్క నెత్తళ్ళు, ఇంకో పక్క మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు. కాపలాకి అనూరాధ, ఉమామహేష్ చేతుల్లో రెండు కర్రలు.

మొదటి కాకి నెత్తళ్ళని వదిలేసి ర్యామ్ ముక్క ఎత్తుకుపోయింది.

“మెమరీ! మెమరీ!” అంటూ ఉమామహేష్ గెంతాడు. అనూరాధ విసిరిన కర్ర కాకికి కాక అతనికి తగిలింది. కాకికి నవ్వొచ్చిందేమో, ముక్క జారవిడిచింది.

“దెబ్బ తగిలిందేటండీ?”

“తగిలింది. నాలుగు రోజుల కిందటే.”

అనూరాధ చూపు నెత్తళ్ళ మీదికి దించింది. “మాటలు బానే వచ్చు. కాకుల్ని తోలడమే రాదు.”

“మాదీ సముద్రం ఒడ్డే, యారాడండీ. మా అమ్మ ఎండుచేపలకి నన్నే కాపలా పెట్టేది. అప్పుడు పక్కన మీరు లేరు.”

ఆమె మెల్లగా అడిగింది. “ఇది బాగైతే మళ్ళీ రారు కదా?”

“బాగవకపోతే రానివ్వరు.”

ఇద్దరూ మదర్‌బోర్డు వైపు చూశారు. ఏం కోరుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

సాయంత్రం అన్నీ మళ్ళీ బిగించి స్విచ్ నొక్కారు. ఫ్యాను తిరిగింది. ఆఫీసంతా ఎండుచేపల వాసన. మూడు కౌంటర్లలోనూ బోట్ల పేర్లు వరుసగా వచ్చాయి.

“నడుస్తంది. ఇంక ఎల్లొచ్చు,” అన్నాడు ఎల్లారావు.

ఉమామహేష్ సంచి జిప్పు వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు.

తండ్రి ముందు ఎప్పుడూ గొంతెత్తని అనూరాధ నోరు తెరిచింది. “నాన్నా, ఆయన్ని రేపు కూడా రమ్మను.”

“ఏటికి? మిసిను బానే ఉంది కదా?”

“మిసిను కోసం కాదు.”

దిమ్మలు మోసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఎల్లారావు కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు.

“మిసినుకి ఏడాది గ్యారంటీ అన్నావ్. మరి నీకో?”

“నాకు గడువు లేదు సార్.”

“సారేటిరా?” అంది వెనక నుంచి పోతమ్మ. “మావా అను!”