తెల్లవారుజాము పందెం

కాస్త ఆగండి. చేతిలో పని పక్కనపెట్టి ఇది వినండి.

భీమిలి దగ్గర కొండ మీద ఉన్న శిఖర విద్యాలయంలో మధ్యాహ్నం గంట మోగగానే పిల్లలంతా పేకశాలకి పరిగెత్తారు. అక్కడ పేకాట అంటే క్లాసే. రేపు దేశాన్ని నడపబోయేవాళ్ళకి పందెం కాయడం రావాలని ఆ బడి నమ్మకం. డబ్బు కాయరు, అది అందరి ఇళ్ళలోనూ బోలెడంత ఉంది. కాసేది నిద్ర.

కునుకుపట్టీ వచ్చాక లోకమే మారిపోయింది మరి. అది మెడకి చుట్టుకుని పడుకుంటే మన నిద్రని తోడేసి దాచుకుంటుంది, మనం ఒళ్ళు నొప్పులతో లేస్తాం. దాన్నే ఇంకొకరు చుట్టుకుని పది నిమిషాలు కళ్ళు మూస్తే చాలు, రెండు గంటలు హాయిగా పడుకున్నట్టు లేస్తారు.

పదహారేళ్ళ కనకమహాలక్ష్మి పలాస నుంచి ప్రతిభా పరీక్ష రాసి ఆ బడికి వచ్చింది. పాత హాస్టల్లో నాలుగింటికే లేపి చదివించేవారు. అందుకే తెల్లవారుజాము నిద్రంటే ఆమెకి ఎవరో ఊరికే ఇచ్చిన మిఠాయి లాంటిది, పోతే పోయిందిలే అనుకుంది. జూన్‌లో దాన్నే కాసి, క్లాసులో ఓటమి ఎరగని పిల్ల హిరణ్య చేతిలో ఓడిపోయింది. కలలు ఎక్కువగా ఆ జాములోనే వస్తాయని ఆమెకి తట్టలేదు. నిద్రతో పాటు అవి కూడా పట్టీలోకి వెళ్ళిపోతాయని, పట్టీ చేసినవాళ్ళకే తట్టలేదు.

ఆ బడికి వచ్చినప్పటి నుంచి చనిపోయిన అక్క రోజూ తెల్లారగట్ల కల్లోకి వచ్చేది. ఓడిన మర్నాటి నుంచి రావడం మానేసింది. తన మీద అలిగిందేమో అనుకుని కనకం నెల్లాళ్ళు కుమిలిపోయింది. చివరికి అనుమానం వచ్చి హిరణ్యని ఆపి అడిగింది.

"పట్టీ ఎట్టుకుంటే నీకేటైనా అగుపిస్తందా?"

"ఎవరో ఒకామె," అంది హిరణ్య. "వేళ్ళన్నీ నల్లగా ఉంటాయి. నాకు జడ వేస్తూ తిడుతుంటుంది."

జీడిగింజలు కొట్టి కొట్టి నల్లబడిన వేళ్ళు అవి. "మా అప్ప," అంది కనకం. వాళ్ళ వైపు అక్కని అప్పే అంటారు.

ఆ రోజు నుంచి హిరణ్య కునుకు తీసి రాగానే అప్ప ఏమందో కనకానికి చెప్పేది. ఒక్కోసారి సొంతంగా తీపి మాటలు కలిపితే కనకం పట్టేసేది. మా అప్ప అలాగనదు, ఉన్నదే సెప్పు అనేది. గెలిచింది తిరిగిచ్చేస్తానని హిరణ్య ప్రిన్సిపాల్‌ని అడిగి చూసింది కూడా. గెలిచినదాన్ని దానం చెయ్యకూడదు, మళ్ళీ పందెంలోనే పోగొట్టుకోవాలి, అదీ నియమం. పోయినదాన్ని తిరిగి గెలుచుకోడానికి డిసెంబరు పందెమే ఆఖరు. ఆ తర్వాత, గెలిచినవాళ్ళు తమంతట తాము మళ్ళీ కాస్తే తప్ప, ఆ నిద్ర వాళ్ళదే.

డిసెంబరు దగ్గరపడేకొద్దీ హిరణ్య మాటలు తగ్గిపోయాయి. ఏమీ గుర్తులేదనేది, తప్పించుకు తిరిగేది. నెలకో ఆయా మారే ఇంట్లో పెరిగిన పిల్ల, దాన్ని తిట్టేంత దగ్గరగా ఎవరూ వచ్చి ఉండరు. అప్పని ఇంక వదలదని కనకానికి అర్థమైపోయింది.

ఆ గంట మోగిన మధ్యాహ్నమే డిసెంబరు పందెం. బల్లకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. చెరి మూడు ముక్కలు. కనకానికి వచ్చింది ఏడుల జత, అంతే. చూపిస్తావా, పడేస్తావా అని మాస్టారు హిరణ్యని అడిగారు. హిరణ్య చాలాసేపు ముక్కల్ని చూస్తూ కూర్చుంది. తర్వాత బోర్లా పడేసింది.

ఓడినవాళ్ళే పేక సర్దాలి. హిరణ్య సర్దుతుంటే ముక్కలు జారి వెల్లకిలా పడ్డాయి. మూడూ రాజులే.

మర్నాడు తెల్లవారుజామున అప్ప వచ్చింది. ఆరు నెలల తర్వాత వచ్చిన అప్ప కనకం తల ఒళ్ళో పెట్టుకుని, గుమ్మం వైపే చూస్తూ అడిగింది.

"ఆ రెండో పిల్ల ఏదే? అది నువ్వు కావని నాకు మొన్నే తెల్సిపోనాదిలే. సన్నగా ఉంటాది, దాని జడ సగంలో ఒగ్గేసినాను."

కనకం ఉలిక్కిపడి లేచింది. ఇన్నాళ్ళూ హిరణ్య దాచింది ఇదన్నమాట, వేరే పిల్లని తెలిసి కూడా అప్ప తనకి జడ వేస్తోందని. అప్ప తనకొక్కదానికే అప్ప అనుకుంది. గుండెలో ఎక్కడో చురుక్కుమంది, వెంటనే ఆ మూడు రాజులు గుర్తొచ్చి సిగ్గేసింది.

టిఫిన్ వేళకి హిరణ్య భోజనశాల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. జుట్టు దువ్వుకోలేదు.

"వచ్చిందా?" అని అడిగింది.

కనకం తలూపింది.

"నా గురించి ఏమైనా అడిగిందా?"

అడిగిందని చెప్తే ఇకమీదట అప్పని పంచుకోవాలి, ఎప్పుడో ఒకప్పుడు తెల్లవారుజాము నిద్రని మళ్ళీ బల్ల మీద పెట్టి కావాలని ఓడాలి. అడగలేదని చెప్తే ఆ పిల్ల ఇంకెప్పుడూ అడగదు. మీరైతే ఏం చెప్తారు?