అడుగున మడ్డి

మోకాళ్ల నొప్పి కాస్త తగ్గడంతో రెండు నెలల తర్వాత అంజనమ్మ ఆ ఉదయం పేరేసంద్ర రోడ్డు పక్కనున్న తమ అంగడికి వచ్చి కూర్చుంది. ‘అంజనమ్మ గానుగ నూనె’ అన్న బోర్డు కింద కొడుకు లోకేశ్ సీసాలు తుడుస్తున్నాడు.

చిక్కబళ్లాపురం బడికి వెళ్తూ నయన టీచర్ స్కూటీ ఆపింది. ఆరేళ్లుగా ఆవిడ ఇంటికి నూనె ఇక్కడిదే.

“బాగుండారా అమ్మా? ఈ మధ్య మీ నూనె ఎంత బాగుండాదో! అడుగున మడ్డే లేదు, అద్దం మాదిరి ఉండాది.”

ఆవిడ మెచ్చుకునే అంది. అంజనమ్మ మాత్రం ఒక సీసా ఎత్తి వెలుగులో చూసింది. నాలుగు రోజులు ఎండలో పెట్టి గుడ్డతో వడగట్టినా, గానుగ నూనెకు అడుగున కాస్త మడ్డి పేరకుండా ఉంటుందా? ఆమె నోరు పెగిలేలోపే టీచర్ రెండు సీసాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

“ఇది యాడ నూనె రా?”

“మనదే మా.”

“నా కండ్లలోకి చూసి చెప్పు.”

లోకేశ్ తల దించుకున్నాడు. “చింతామణి నుంచి మిల్లు నూనె డబ్బాల్లో తెస్తాండా. మడ్డి చూసి కొత్తోళ్లు వద్దంటాండారు మా.”

“మరి ఆదెప్ప శెనక్కాయలు వేరేవాళ్లకి ఇచ్చేసినాడంటివే?”

“అది అబద్ధం మా.” అంజనమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్లుగా గానుగకు కాయలిచ్చిన పక్క చేను ఆదెప్ప! కొడుకు మాట నమ్మి, ఆయన ఇంటి ముందు కనబడినా మొహం తిప్పుకుంది. ఆయనకు జ్వరమని తెలిసినా, ఎలా ఉందని కబురైనా పంపలేదు.

“టీచరమ్మ అన్ని అంగళ్లు దాటుకోని మన తావ ఎందుకు ఆగుతాది రా? కాయలు ఎవరి చేన్లోవో, గానుగ ఎవరు ఆడిచ్చినారో తెలుసు కాబట్టి. నా మాట నమ్మి బిడ్డలకి పెడతాది. ఆ మాటనే అమ్ముకుంటివి కదరా, నా పేరు రాసి!”

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. కుంటుతూ ఆదెప్ప ఇంటి దోవ పట్టింది. పది అడుగులు వేసిందో లేదో, వెనుక లోకేశ్ గొంతు వినిపించింది. ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

“టీచర్, ఆ నూనె వాడొద్దండి. అది మా గానుగది కాదు... అమ్మకి తెలీదు. తప్పు నాదే.”

అంజనమ్మ ఆగింది. కోపం తగ్గలేదు, కన్నీళ్లూ ఆగలేదు.

“అంగడి మూసి రా,” అంది తిరిగి చూడకుండానే. “ఆదెప్పకీ నువ్వే చెప్పాల.”