తోడు మందు

“ఆపరేషన్ నీ కాలికి. ముఠా గురి మాత్రం నీ ప్రాణం మీద,” అన్నాడు చీఫ్.

ఆయన స్ట్రెచర్ తోసే మనిషి వేషంలో ఉన్నాడు. స్ట్రెచర్ మీద ఏజెంట్ డేగ. విదేశీ ముఠా కారు గుద్దేసరికి మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. ముఠా బాస్ ముఖం చూసినవాడు డిపార్ట్‌మెంట్ మొత్తంలో డేగ ఒక్కడే. అనుమానంతో పట్టుకున్న వాళ్లలోంచి ఈ సాయంత్రం ఆ బాస్‌ను గుర్తుపట్టాలి. అందాకా బతికుండాలి.

“మత్తు డాక్టర్ మన ఏజెంటే. నెమలి. వెన్నులో మత్తు ఎక్కించాక, చిన్న సిరంజితో కాస్త ఇంకో మందు కలుపుతుంది. దాంతో నొప్పి చాలాసేపు తెలీదు. ‘తోడు మందు వేస్తున్నా’ అంటే తనే. నీ మాస్కులో మైకు ఉంది. నేను బయటే ఉంటా.”

నెమలి వచ్చింది. ముక్కూ మూతీ కప్పేసినా, ఆ కళ్లు చూస్తే ఎవరైనా పడిపోవాల్సిందే. డేగ ముందే పడి ఉన్నాడు.

కాసేపటికి నడుం కింద కాళ్లు ఎవరివో అయిపోయాయి. ఒక చేతిని సెలైన్ కోసం పలకకు కట్టేశారు. ఆకుపచ్చ తెరకు అవతల సర్జన్ సుత్తి టకటకమంటోంది.

“తోడు మందు వేస్తున్నా,” అంది నెమలి తీయగా.

మాట సరిపోయింది. సిరంజి సరిపోలేదు. బొటనవేలంత లావున, నిండుగా ఉంది. అంత మందు ఎక్కితే డేగ బతకడు. అరిచాడా, సెలైన్‌లోకి నిద్రమందు పంపేసి, పేషెంట్ కలవరిస్తున్నాడని చెబుతుంది. లేచి పారిపోదామంటే కాళ్లు మాట వినవు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత భయం ఎప్పుడూ వేయలేదతనికి.

వెన్నులోంచి వచ్చిన సన్నని ట్యూబును వీపు మీదుగా భుజం దాకా అంటించారు. ఆమె మందు ఎక్కించే మూత అక్కడే ఉంది. ఆమె మానిటర్ వైపు తిరిగింది. డేగ ఖాళీ చేయి దుప్పటి కింద పాకింది. మూత దగ్గర ట్యూబును పట్టి లాగాడు. రాలేదు. పళ్లు బిగించి మళ్లీ లాగాడు. ఊడింది.

ఆమె సిరంజి నొక్కింది. భుజం కింద చల్లగా తడిసింది. డేగ కావాలనే కళ్లు తేలేశాడు.

“మత్తు ఛాతీకి ఎక్కుతోంది. ఇక ఊపిరి ఆగిపోతుంది,” ఆమె చెవిలో గుసగుసలాడింది. “ఏమనుకోకు. మీ చీఫ్ కంటే మా బాస్ నన్ను బాగా చూసుకుంటాడు.”

మైకు అంతా మోసుకెళ్లింది. తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్ మనిషి చేతిలో పిస్టల్ చూసి సర్జన్ సుత్తి గాల్లోనే ఆగింది.

చేతులకు బేడీలు పడ్డాక, ఊడిన ట్యూబు చూసి నెమలి నవ్వింది. “ఊడి మురికి తగిలింది, దాన్ని మళ్లీ తగిలించరు. మత్తు దిగాక నొప్పి అంటే ఏంటో తెలుస్తుంది. అరుస్తావు చూడు.”

“అరవాలంటే బతికుండాలి కదా మేడం,” అన్నాడు డేగ.